చక్కెర ఊళ్ళో నాలుగు భాషలు

మీలో ఎంతమంది బోధన్ చూశారో నాకు తెలియదు. "చూడ్డానికి అక్కడేముందండీ, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ తప్ప!" అంటారేమో. నిజమే, పిల్లా జెల్లాతో మూటా ముల్లే సర్దుకుని వెళ్ళే ఊరు కాదది. కానీ మీ ఇంట్లో ఎవరైనా కొత్త భాష నేర్చుకోలేక తల పట్టుకుని కూర్చుంటే మాత్రం, ఒక్క రోజు వీలు చేసుకుని బోధన్ దాకా వెళ్ళి రమ్మంటాను. ఎందుకంటారా? చెబుతాను వినండి.

మా అమ్మాయి బి.ఎస్సి. నర్సింగ్ పూర్తి చేసింది. జర్మనీ వెళ్ళి నర్సుగా పని చేయాలని దాని కోరిక. అక్కడ రోగికి మందిచ్చే ముందు రోగి మాట అర్థం కావాలి కదా! అందుకని జర్మన్ భాషలో బీ-వన్, బీ-టూ అని మెట్లు మెట్లుగా పరీక్షలు పాసవ్వాలి. ఒక్కో పరీక్షలో నాలుగు భాగాలు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం. మా అమ్మాయి బీ-వన్‌లో చదవడం, రాయడం మొదటిసారే గట్టెక్కింది. వినడం, మాట్లాడడం రెండుసార్లు తప్పింది. ఫీజుల కోసం నా గాజులు రెండు బ్యాంకులో తాకట్టు పెట్టాం. డబ్బు మాట అటుంచండి, పిల్ల సరిగ్గా అన్నం తినడమే మానేసింది.

"అమ్మా, నేను కళ్ళతో నేర్చుకునే రకం. చూస్తే వస్తుంది, వింటే రాదు. ఫోన్‌లో ప్రశ్నలకు జవాబులిస్తే అదే తేలింది. నా తీరే అంత. ఇక వదిలేస్తాను" అంది ఓ రాత్రి.

ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని, జర్మన్ గురించి నాకేం తెలుసు? కానీ తెలియని భాష మధ్యలో పడి ఏడవడం ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు. "ఆదివారం నాయనమ్మ దగ్గరికి వెళ్ళొద్దాం పద" అన్నాను.

ఇందూరు నుంచి బోధన్‌కు

మేముండేది నిజామాబాద్‌లో. పాతవాళ్ళు ఇప్పటికీ ఇందూరు అనే అంటారు. అక్కడి నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల పైచిలుకు. జానకంపేట, ఎడపల్లి మీదుగా బస్సు వెళుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే రెండు పక్కలా పచ్చని వరి చేలు. నేను కాపురానికి వచ్చిన 1999లో ఇవే పొలాల్లో మనిషెత్తు చెరకు ఉండేది. సీజనులో బోధన్ దగ్గరికి వచ్చేసరికి గాలే తియ్యగా, కాస్త పులుపు వాసనతో ముక్కుకు తగిలేది.

ఈ నేలకు నీళ్ళిచ్చింది మంజీర మీది నిజాంసాగర్. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. కాలువ నీళ్ళు వచ్చాయని తెలిసి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి పొలాలు కొని క్యాంపులు కట్టుకున్నారు. 1937లో నిజాం హయాంలో ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీ నెలకొల్పారు. ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ వెలసిన కాలనీయే షక్కర్ నగర్. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి వెళ్ళింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమంటుంది.

నీళ్ళ కోసం తెలుగు రైతులు, ఫ్యాక్టరీలో ఉర్దూ మాట్లాడే గుమాస్తాలు, కార్మికులు, చెరకు కొట్టడానికి పక్కనున్న మరాఠ్వాడా నుంచి మరాఠీ కూలీలు... ఇలా ఒక్క చెరకు గడ ఇన్ని భాషల్ని ఒక చోటికి చేర్చింది. నేను తెనాలి పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని. వచ్చిన కొత్తలో కొట్టుకెళ్ళి "అరకిలో పంచదార ఇవ్వండి" అంటే, కొట్లో అబ్బాయి "గదేంది?" అన్నాడు. నేను వేలు పెట్టి చూపిస్తే "శక్కెరా!" అని నవ్వాడు. పక్కింటి ఖాలా దాన్ని షక్కర్ అంటుంది. చెరకు కొట్టే ఆడవాళ్ళు సాఖర్ అంటారు. చక్కెర ఊళ్ళోనే చక్కెరకు నాలుగు పేర్లు! నా తెలుగే ఇక్కడ సగం పరాయిది, ఇక ఉర్దూ, మరాఠీ మాట చెప్పాలా?

కల్ అంటే నిన్నా? రేపా?

బస్సు దిగి ముందు ఖాలా ఇంటికే వెళ్ళాం. పెళ్ళయ్యాక ఏడేళ్ళు మేము బోధన్‌లో ఆమె పక్క వాటాలో ఉన్నాం. ఆవిడ మాటలు వినీ వినీ నాకు ఉర్దూ పట్టుబడింది. పుస్తకం ముట్టుకోలేదు. "ఎంత తేలిగ్గా వచ్చేసిందో!" అని మురిసిపోయేదాన్ని కూడా. ఆ మురిపెం ఎలా వదిలిందో మా అమ్మాయికి ఆ రోజు చెప్పాను. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఓ సాయంత్రం ఖాలా ఏదో చెప్పింది. "కల్" అనీ, "దవాఖానా" అనీ, "బచ్చా" అనీ చెవిన పడ్డాయి. కల్ అంటే నిన్న అని నాకు తెలుసు. నిన్న పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళిన సంగతి చెబుతోంది కాబోలనుకుని "హౌ, హౌ" అని తలూపాను. మర్నాడు పొద్దున్నే తలుపు తాళం వేసి మా అత్తయ్య దగ్గరికి క్యాంపుకు వెళ్ళిపోయాను. అసలు సంగతేమిటంటే, "రేపు నేను ఆస్పత్రికి వెళ్ళాలి, మనవణ్ణి కాసేపు చూసుకుంటావా?" అని ఆవిడ అడిగింది. ఉర్దూలో నిన్నకూ రేపటికీ కల్ ఒక్కటే! ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆవిడ మూడేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళి గంటల తరబడి నిలబడిందట. నన్ను ఒక్క మాట అనలేదు. పాలామె చెబితే తెలిసి వెళ్ళి కాళ్ళ మీద పడినంత పని చేశాను. ఆవిడ నవ్వి, "కల్ కాదు బేటీ, దాని వెనకొచ్చే మాట పట్టుకో. వెళ్ళింది అంటే నిన్న, వెళ్ళాలి అంటే రేపు" అని నేర్పింది. చెవితో వచ్చిందనుకున్న భాషలో వ్యాకరణం అనే ముక్క ఉందని నాకు అప్పుడు తెలిసింది.

ఈ మాటలు జరుగుతుండగానే ఖాలా మా అమ్మాయి వైపు తిరిగి, "తేరేకు ఉర్దూ కోన్ సిఖాయా? కితాబ్ దేక్కే సీకీ క్యా?" అంది. నీకు ఉర్దూ ఎవరు నేర్పారు, పుస్తకం చూసి నేర్చుకున్నావా అని. మా అమ్మాయి తడుముకోకుండా ఉర్దూలోనే, "నక్కో ఖాలా, మీ వాకిట్లో ఆడుకుంటూ నేర్చుకున్నా" అనేసింది. అని, ఆగిపోయింది. వింటే రాదన్న పిల్ల ఒక భాషంతా వినే నేర్చుకుంది మరి! నేనేమీ అనలేదు, ఖాలా పోసిన చాయ్ తాగుతూ కూర్చున్నాను.

అన్నట్టు, ఆ "నక్కో" ఉర్దూలోకి మరాఠీ నుంచి వచ్చిందే. వాళ్ళు "నకో" అంటారు. బోధన్‌లో మాటలు కూడా ఇరుగుపొరుగు ఇళ్ళ కూరగిన్నెల్లాగా అటూ ఇటూ తిరుగుతాయి.

నాయనమ్మ ముగ్గు, మామయ్య నోటుబుక్కు

మధ్యాహ్నానికి వర్ని దారిలో ఉన్న మా అత్తయ్యగారి క్యాంపుకు చేరాం. అత్తయ్య మనవరాలి కోసం బొబ్బట్లు చేసి పెట్టింది. ఇక్కడివాళ్ళు పోలెలంటారు, మరాఠీవాళ్ళు పూరణ్ పోళీ అంటారు. పేరు ఏదైనా నెయ్యి మాత్రం తగ్గకూడదు!

అత్తయ్య బడి మొహం చూడలేదు. పదహారేళ్ళకు కాపురానికి వచ్చింది. చెరకు కొట్టే జంటలతో పాటు తనూ పొలంలో దిగేది. ఆలుమగలిద్దర్నీ కలిపి వాళ్ళు ఒక కోయతా అంటారు, కోయతా అంటే చెరకు నరికే కత్తి. ఆ ఆడవాళ్ళు "అక్కా" అంటే తనూ "అక్కా" అనేది. "పాణీ పాహిజే కా?" అంటూ నీళ్ళ బిందె పట్టుకుని వరసల మధ్య తిరుగుతూనే మరాఠీ అంతా పట్టేసింది. ఊస్ అంటే చెరకు అని ఎవరూ చెప్పలేదు, చేతిలో గడ చెప్పింది.

మరి అంత మరాఠీ వచ్చిన మనిషి ఓసారి కంటి వైద్యానికి నాందేడ్ వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు బోర్డు చదవలేక వేరే బస్సెక్కి చీకటి పడ్డాక ఎక్కడో దిగింది. ఇల్లు చేరాక ఏం చేసిందో తెలుసా? మరాఠీ అక్షరాల్లో బోధన్ అని కాగితం మీద రాయించుకుని, వాకిట్లో ముగ్గుపిండితో రోజూ దిద్దింది. "ముగ్గు రాని ఆడదుందా? అక్షరమూ ఒక ముగ్గే" అంది మనవరాలితో.

మామయ్యగారిది ఇంకో దారి. ఆయన ఫ్యాక్టరీకి చెరకు తోలేవారు. కాంటా, పర్చీ, గన్నా అంటూ ఉర్దూ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో జేబు నోటుబుక్కులో రాసుకునేవారు. ఆయన పోయి పదేళ్ళయినా అత్తయ్య ఆ పుస్తకం పెట్టెలో దాచుకుంది. అందులో "కల్ - నిన్న, రేపు. తరవాతి మాట చూడవలెను" అని రాసి ఉంది! నేను ఒక్కసారి ఆ పుస్తకం తిరగేసి ఉంటే ఖాలా అంత అవస్థ పడేది కాదు. కానీ ఆయనకు పుస్తకం నిండా మాటలున్నా నోరు తిరిగేది కాదు. పెద్ద గుమాస్తాను "ఆప్" అనాల్సిన చోట "తూ" అనేసి, బండి లైనులో అందరి కంటే వెనక్కి వెళ్ళి నిలబడిన రోజులున్నాయట. ఆ తరవాత రోజూ పొద్దున్నే పాలు పోసే అబ్బాయితో కావాలని అరగంట ఉర్దూలో మాట్లాడేవారట.

చూశారా? చెవితో నేర్చుకున్న అత్తయ్యకు చెయ్యి కావలసి వచ్చింది. పుస్తకంతో నేర్చుకున్న మామయ్యకు నోరు కావలసి వచ్చింది. నాకు పుస్తకం కావలసి వచ్చింది. మనిషిది ఏ రకం అన్నది కాదు, ఆ పనికి ఏది అవసరం అన్నదే లెక్క.

పెద్దవాళ్ళూ అదే అన్నారు

మా ఆడపడుచు బి.ఇడి. విద్యార్థులకు పాఠాలు చెబుతుంది. సాయంత్రం ఫోన్‌లో ఈ సంగతి చెబితే తను ఇంకో మాట చెప్పింది. చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చదివీ రాసీ నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు అన్న నాలుగు రకాల పద్ధతిని 1992లో న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ ప్రచారంలోకి తెచ్చారట. అయితే 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని జల్లెడ పట్టి, రకాన్ని బట్టి పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి తగిన రుజువు లేదని తేల్చారట. ఒక్కొక్కరికి ఒక్కో తీరు ఇష్టం కావచ్చు. ఇష్టం వేరు, ఫలితం వేరు. పిల్లలకు కాకరకాయ ఇష్టం లేదని మనం వండటం మానేస్తామా?

ఆలోచిస్తే, బాసరలో సరస్వతమ్మ దగ్గర మా అమ్మాయికి అక్షరాభ్యాసం చేయించిన రోజూ ఇంతే కదా! కళ్ళతో అక్షరం చూసింది, నోటితో పలికింది, చెవితో వింది, వేలితో దిద్దింది. నీది ఏ రకం అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో

మర్నాటి నుంచి మా వంటింటి డబ్బాల మీద జర్మన్ చీటీలు అతికించాం. జర్మన్‌లో ప్రతి వస్తువుకూ లింగభేదం ఉంటుందట. చక్కెర మగ, పాలు ఆడ, ఉప్పు రెండూ కాదు. "డెర్ త్సుకర్, డీ మిల్ష్, డాస్ జాల్ట్స్" అని పైకి అంటేనే డబ్బా మూత తీయాలని షరతు. మరాఠీలోనూ మూడు లింగాలున్నాయి కాబట్టి అత్తయ్యకు ఇదేం వింత కాదు. రాత్రి భోజనాలయ్యాక నాయనమ్మ ఫోన్‌లో రోగి అవుతుంది. మనవరాలు పది నిమిషాలు ఆపకుండా జర్మన్‌లో పలకరించాలి. నాయనమ్మకు ఒక్క ముక్క అర్థం కాదు, కానీ పిల్ల ఎక్కడ తడబడిందో మాత్రం ఠక్కున పట్టేస్తుంది!

మీ ఇంట్లో కూడా ప్రయత్నించి చూడండి. చదివిన మాట పైకి పలకాలి. విన్న మాట రాసుకోవాలి. నేర్చుకున్నది ఒక రోజు ఆగి, మూడు రోజులాగి, వారం ఆగి మళ్ళీ గుర్తు తెచ్చుకోవాలి. ఏది కష్టంగా ఉందో దానికే రోజూ ఎక్కువ సమయం ఇవ్వాలి. తప్పు మాట్లాడితే నవ్వని మనిషిని ఒకరిని చూసుకోవాలి, ఆ మనిషి మీరే అయితే మరీ మంచిది.

బోధన్ వెళ్ళేవారికి ఒక మాట. భారతంలో భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని ఇక్కడి పెద్దలు చెబుతారు. వీలుంటే సాలూర దాకా వెళ్ళి మంజీర వంతెన మీద నిలబడండి. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. గాలికీ నీటికీ లేని హద్దు మాటకు మాత్రం ఎందుకుంటుంది?

ఆడపడుచు చెప్పిందే ఇంకొకటుంది. మన సంస్కృతంలోని శర్కరే పర్షియన్‌లో షకర్, అరబ్బీలో సుక్కర్ అయి, ఇటలీ మీదుగా వెళ్ళి జర్మనీలో త్సుకర్ అయిందట. అది విని మా అమ్మాయి చాలా రోజుల తర్వాత నవ్వింది. "అయితే అమ్మా, మన చక్కెర నాకంటే ముందే అక్కడికి చేరిందన్నమాట!" అంది.

మొన్నటి పరీక్షలో వినడం పాసైంది. మాట్లాడడం వచ్చే నెలలో ఉంది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. పిల్ల మాత్రం అన్నం తింటోంది, వంటింట్లో తనలో తను జర్మన్ మాట్లాడుకుంటోంది. ప్రస్తుతానికి నాకది చాలు.