సింకు కింద బకెట్

మీ వంటింట్లో సింకు కిందకి ఒకసారి వంగి చూడండి. అక్కడ బకెట్ గానీ, మడత పెట్టిన పాత గుడ్డ గానీ ఉంటే ఈ నాలుగు మాటలూ మీ కోసమే.

మాది తెనాలిలో మామగారు 1978లో కట్టించిన ఇల్లు. కడపబండ గట్టు, ఆ చివర సింకు, దాని కింద నుంచి గోడలోకి ఇనప గొట్టం. ఆ గొట్టం ఎప్పుడు చిల్లు పడిందో గానీ బొట్టు బొట్టుగా కారుతుంటే కింద ఓ బకెట్ పెట్టాను. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి పారబోయడం. అలా నాలుగేళ్లు! మా వారికి చెప్పినప్పుడల్లా "చూద్దాంలే" అనేవారు. ఆ నాలుగేళ్లలోనే హాల్లో టైల్స్ వేయించాం, గేటు మార్పించాం. చుట్టాల కంటబడేవి ముందు, ఇల్లాలికి మాత్రమే కనబడేవి తర్వాత! నేనూ గట్టిగా అడగలేదు. బకెట్ పారబోయడం కూడా వంటపనిలో భాగమే అనుకున్నాను.

మా అమ్మకి ఒంట్లో బాగాలేక పది రోజులు పుట్టింటికి వెళ్లాల్సి వచ్చింది. హడావిడిలో బకెట్ సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండోనాటి రాత్రి అది పొర్లింది. మంచినీళ్ల కోసం లేచిన అత్తయ్యగారు కాలు జారి పడ్డారు. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్లు. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు, మణికట్టు బెణికింది. మా వారు ఫోన్ చేసి, "సింకు కారుతోందని ముందే చెప్పొద్దూ!" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తిరిగొచ్చిన మర్నాడే ప్లంబరుని పిలిపించాను. అతను నా మొహం చూడకుండా మా వారితో, "పైన ముక్క తీసేసి ముడతల గొట్టం తగిలిస్తే అరగంటలో అయిపోతుంది సార్" అన్నాడు. "మరి గోడలో ఉన్నదో?" అన్నాను నేను. పగలగొట్టించి చూస్తే ఏముంది! ఒకటిన్నర అంగుళాల గొట్టంలో తుప్పూ జిడ్డూ పేరుకుపోయి చిటికెన వేలు పట్టేంత సందు మిగిలింది. నీళ్లు పోవడం లేదని అప్పుడప్పుడూ నేను పోసిన యాసిడ్ కూడా ఆ ఇనుముని తినేసిందట. ఆ తప్పు మాత్రం నాదే.

దగ్గరుండి చేయించుకున్నాను కాబట్టి తెలిసిన విషయాలు మీకూ చెబుతాను. మార్పిస్తే గోడలోది కూడా మార్పించండి. పీవీసీ గొట్టానికి తుప్పు పట్టదు. ముడతల గొట్టం చవకే గానీ ఆ ముడతల్లో మెతుకులూ జిడ్డూ నిలుస్తాయి. లోపల నున్నగా ఉండేదే మేలు. నాలుగడుగుల పొడవుకి ఒక అంగుళమైనా వాలు ఉండాలి. సింకు కింద వంపు తిరిగిన ముక్క ఉంటుంది చూడండి, దాన్ని ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ నిలిచి ఉండే రెండంగుళాల నీళ్లే మురుగు కంపుని ఇంట్లోకి రానివ్వవు. అది చేత్తో విప్పి కడుక్కునేలా ఉండాలి.

పని అయ్యాక సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి. అతుకుల కింద పొడి పేపరు పరిచి చూడండి. చుక్క తడి కనబడినా డబ్బులు ఇవ్వకముందే చెప్పండి. మరుగుతున్న గంజి అలాగే వంచకండి, పీవీసీ మెత్తబడుతుంది. చన్నీళ్లు కలిపి పోయండి. మూకుడులో నూనె జిడ్డు పేపరుతో తుడిచాకే కడగండి.

ఆ సాయంత్రం కట్టు కట్టిన చేత్తోనే అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చి కొత్త గొట్టం చూశారు. "నా రోజుల్లోనూ అది కారేదే అమ్మాయ్. గిన్నె పెట్టుకునేదాన్ని. మీ మామగారు కాస్త సిమెంటు పూయించి ఊరుకున్నారు" అన్నారు.

ఆవిడ గిన్నె, నా బకెట్. వచ్చే కోడలికి ఏ గంగాళమో మిగిల్చేవాళ్లం! మీరూ "చూద్దాంలే" దగ్గర ఆగిపోకండి. ఈ ఆదివారమే ప్లంబరుని పిలిపించండి.