సద్దిరొట్టె

పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. మా ప్రాంతంలో ఒకప్పుడు అన్నమే అరుదు కనుక మాకు దక్కినది సద్దిరొట్టె మూట. చద్దిని మేము సద్ది అంటాము. జహీరాబాద్ పరిసరాల్లోని నల్లరేగడి మెట్ట పొలాల్లో వరికంటె జొన్నకే చోటెక్కువ. నా బాల్యమంతా జొన్నరొట్టెతోనే గడిచింది.

జొన్నపిండికి గోధుమపిండికి ఉన్న సాగే గుణం లేదు. అందుకే దానిని వేడినీళ్లతో కలిపి, అరచేతితో తట్టి రొట్టె చేస్తారు. పెనం మీదినుండి దించినప్పుడు మెత్తగా ఉండే ఆ రొట్టె తెల్లవారేసరికి పెంకులా బిరుసెక్కుతుంది. అటువంటి రొట్టెను మా నాయనమ్మ ఏనాడూ పారవేయలేదు. "రొట్టె కరాబు కాలే బిడ్డా, ఎండింది, గంతే" అనేది.

ఎండిన రొట్టెను ఆమె మూడు విధాలుగా వండి పెట్టేది. వేసవిలో ముక్కలు చేసి మజ్జిగలో నానబెట్టి, ఉప్పు వేసి, పక్కన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టేది. వానకాలంలో రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఆవాలు, ఉల్లిగడ్డలతో పోపు వేసి, పసుపు కలిపి, నీళ్లు చిలకరించి మూత పెట్టేది. అది రొట్టె ఉప్మా. ఇంట్లో బెల్లం, నెయ్యి ఉన్ననాడు మెత్తగా దంచి మలీద ముద్దలు కట్టేది. సద్దుల బతుకమ్మనాడు అప్పుడే కాల్చిన రొట్టెలతో చేసే మలీదను అమ్మవారికి నివేదించేవారు. మిగిలిన రొట్టెల మలీద మాత్రం పిల్లలదే.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అప్పుడు నేను ఎనిమిదవ తరగతి చదువుతున్నాను. తోటి పిల్లల డబ్బాల్లో తెల్లని అన్నం కనిపించసాగింది. నా డబ్బాలో మాత్రం రొట్టె ఉప్మా. ఒకడు చూసి "కోళ్ల దాణా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆనాటి నుండి చెరువుకట్ట మీద డబ్బా బోర్లించి, ఆకలితోనే బడికి వెళ్లేవాణ్ణి. ఒకనాడు నాయనమ్మ కట్టమీద పసుపు రంగు రొట్టె నలుసులను చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. మరునాటి నుండి నా డబ్బాలో అన్నం ఉంది. నేను గెలిచాననుకున్నాను.

కొన్ని వారాల తరువాత, జ్వరం వచ్చి మధ్యాహ్నమే ఇల్లు చేరాను. గడప దగ్గర కూర్చుని నాయనమ్మ ఎండురొట్టెను నీళ్లలో ముంచుకొని తింటున్నది. పక్కన మజ్జిగ లేదు, ఉల్లిగడ్డ లేదు. కార్డు మీద వచ్చే బియ్యం అందరికీ నెలంతా సరిపోవని నాకు అప్పుడు తట్టింది. తన వంతు అన్నమే నా డబ్బాలోకి వస్తున్నది. ఆమె నన్ను చూసి గిన్నెను కొంగు చాటు చేసింది. ఆ రోజు బడిలో నాకు కలిగిన సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిది?

క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. జ్వరం తగ్గాక "రొట్టె ఉప్మానే పెట్టు" అన్నాను. ఆమె ఏమీ అడగలేదు. పోపులో రెండు ఉల్లిగడ్డలు ఎక్కువ వేసింది.

పెద్దయ్యాక హైదరాబాదు విందుల్లో డబల్ కా మీఠా తిన్నాను. రొట్టె ముక్కలను నేతిలో వేయించి, యాలకుల పరిమళం గల పాకంలో నానబెట్టే వంటకమది. ఫ్రాన్సులో ఎండిన రొట్టెను పాలు, గుడ్లలో నాన్చి కాలుస్తారు. దాని పేరుకు 'పోయిన రొట్టె' అని అర్థమట. పోయిందనుకున్న దానిని దక్కించుకునే తల్లులు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఒకనాడు మేము దాచుకొని తిన్న జొన్నరొట్టెకు నేడు నగరాల్లో గౌరవం లభిస్తున్నది. సంతోషమే. అయితే మా ఇంట్లో రొట్టె మిగిలిన ఉదయాన నాకు గుర్తుకు వచ్చేది ఆ గౌరవం కాదు, కొంగు చాటున దాగిన గిన్నె. అందుకే ఆ రొట్టెను నేనే దంచుతాను. ఇంటిల్లిపాదీ కూర్చున్నాకనే వడ్డిస్తాను.