సాకేది ఎవరు?

రెండు నెలలకు పైగా నేనేమీ రాయలేదు. "ఏమక్కా, ఒంట్లో బాగలేదా?" అని కొందరు అడిగారు కూడా. నాకేం కాలేదు గానీ, ఇంట్లో ఏడుగురు పసిపిల్లలు ఉంటే రాసుకునే తీరిక ఎక్కడిది చెప్పండి!

నవంబరు రెండో వారంలో మా లాబ్రడార్ జూలీ ఏడు పిల్లల్ని పెట్టింది. జూలీకి మూడేళ్లు దాటాయి. ఇదే మొదటి కాన్పు, ఇదే చివరిది కూడా. ఒక్క ఈత చాలు, తర్వాత ఆపరేషన్ చేయించాలని ముందే అనుకున్నాం. పిల్లల్ని అమ్మకూడదని, తెలిసిన మంచి ఇళ్లకు ఇవ్వాలని కూడా అనుకున్నాం. ఇంతవరకు మా ఆయనా నేనూ ఒకే మాట మీద ఉన్నాం. తేడా తర్వాత వచ్చింది. అది కూడా చెప్తాను.

మొదటి రెండు వారాలు పని అంతా జూలీదే. పిల్లలకు కళ్లు తెరుచుకోవు, చెవులు వినబడవు. పాలు, వెచ్చదనం, నిద్ర, అంతే. వాటికవి ఒళ్లు వెచ్చగా ఉంచుకోలేవు కాబట్టి చలి రాత్రుల్లో పెట్టె పైన బల్బు వేలాడదీశాం. ఏడూ ఒకేలా ఉంటాయి గదా, గుర్తుకోసం మెడకు ఒక్కోదానికి ఒక్కో రంగు ఊలు దారం వదులుగా కట్టి, రెండు రోజులకోసారి మార్చేదాన్ని. రోజూ వంటింటి త్రాసులో తూచి, పాత క్యాలెండరు వెనుక రాసుకున్నాను. మా అత్త నవ్వింది, "మా పిల్లోళ్లను కూడా ఇట్ల తూకం వేయలేదు మా" అని.

అసలు పని మూడో వారం తర్వాత మొదలైంది. కళ్లు, చెవులు, నడక అన్నీ అప్పటికి వచ్చేస్తాయి. అక్కడినుంచి సుమారు 12 వారాల వరకు కుక్కపిల్ల చూసిందీ, విన్నదీ దానికి జీవితాంతం మామూలు విషయమైపోతుంది. ఆ వయసులో చూడనిది పెద్దయ్యాక భయమవుతుంది. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లోని ప్రయోగశాలలో దీన్ని పరీక్షించి 1961లో ప్రచురించారు. కుక్కపిల్లల్ని ఎత్తైన కంచె వేసిన పొలంలో, మనుషులు కంటబడకుండా పెంచారు. కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాలకు తెచ్చి వారం రోజులు మనుషులతో ఉంచారు. 14 వారాల దాకా మనిషి చెయ్యి తగలని పిల్లలు తర్వాత ఎంత బుజ్జగించినా అడవి జంతువుల్లా బెదిరి పారిపోయాయట.

అంటే ఏ ఇంటికో పోయే పిల్లకు ధైర్యం నేర్పే బాధ్యత సగం పుట్టింటిదే. ఈ మాట మనకు కొత్త కాదు గదా!

అందుకే మా ఇంటి శబ్దాలన్నీ వాటికి వినిపించాం. కుక్కర్ విజిల్, మిక్సీ, గుడి మైకు, మసీదు అజా. మాకు రైలు పట్టాలు దగ్గరే కాబట్టి గూడ్స్ బండి కూత వేరే నేర్పాల్సిన పని లేకపోయింది. పత్తి సీజన్ కావడంతో మార్కెట్ యార్డుకు పోయే బండ్లు, లారీలు మా వీధి చివర తెల్లారుజాము నుంచే మోగేవి. కాళ్ల కింద ఒకరోజు బేతంచెర్ల బండలు, ఒకరోజు గోనెసంచి, ఒకరోజు ఇసుక. హెల్మెట్ పెట్టుకున్న పాలాయన, చేతికర్రతో వచ్చే పెద్దాయన, బురఖాలో వచ్చే పక్కింటి అక్క, పరిగెత్తే చిన్నపిల్లలు, అందరినీ ఒక్క ఐదు నిమిషాలు కూర్చొని పొమ్మన్నాను. ఎవరినీ పిల్లల్ని బలవంతంగా ఎత్తుకోనివ్వలేదు. కుక్కపిల్ల తానుగా దగ్గరికి రావాలి. వస్తే ఒక మెతుకో, చిన్న కోడిముక్కో.

టీకాలు పూర్తికాని పిల్లల్ని వీధిలో నేల మీద వదలకూడదు. పార్వో వస్తే పసికూనలు రెండు మూడు రోజుల్లోనే పోతాయి. అందుకని గంపలో పాత దుప్పటి పరిచి, రెండేసి పిల్లల్ని పెట్టుకొని వీధి అరుగు మీద కూర్చునేదాన్ని. లోకం చూడాలి, కాలు కింద పెట్టకూడదు. మా వీధిలో నాకు "గంప ఆంటీ" అని పేరు పడింది. రెండు వారాలకోసారి నులిపురుగుల మందు, ఏడో వారంలో మొదటి టీకా. మిగిలిన టీకాలు, మూడు నెలలు నిండాక వేసే రేబిస్ సూది కొత్త ఇంటివాళ్లు వేయించాలి.

ఇక అడిగేవాళ్ల సంగతి. మనవైపు పిల్ల పాలబువ్వ నాకడం మొదలుపెడితే చాలు, ఇచ్చేయమంటారు. నెల దాటగానే ఫోన్లు మొదలయ్యాయి. నేను ఎనిమిది వారాలు నిండాలన్నాను. తోబుట్టువుతో ఆడుకుంటూ గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత కొరకొచ్చో, ఎక్కడ ఆపాలో అప్పుడే తెలుస్తుంది. నెల పిల్లను తీసుకుపోతే ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల్లో కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని ఉంది. మేం అమ్మకపోయినా ఆ లెక్క మంచిదే గదా.

వచ్చిన ప్రతివారినీ ఒక ప్రశ్న అడిగాను. "సాకేది ఎవరు?"

గమనించారా, కుక్కపిల్ల కావాలని అడిగేది ఎప్పుడూ పిల్లలు, లేదా మగవాళ్లు. సాకేది మాత్రం ఇంట్లో ఆడమనిషి. రాత్రి రెండు గంటలకు ఏడిస్తే లేచేది, తిన్న ప్రతిసారీ బయటికి తీసుకుపోయేది, కుళాయి రాని రోజు కూడా నేల కడిగేది, ఊడిన వెంట్రుకలు ఊడ్చేది. లాబ్రడార్ పెద్దయితే 30 కిలోల మనిషే అనుకోండి. పది పన్నెండేళ్లు బతుకుతుంది. అంత చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో ఆమెను ఒక్కమాట అడగరా?

మా ఆయనకు బాగా కావలసిన ఒకాయన వచ్చారు. (ఎవరో తెలియకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.) "వదినా, ఎల్లుండి మావాని పుట్టినరోజు. మగపిల్ల ఒకటి ఇయ్యి" అన్నారు. అప్పటికి పిల్లలకు ఐదు వారాలు. "సాకేది ఎవరన్నా?" అన్నాను. "ఇంట్లో మనిషి ఉండాది గదా, చూసుకుంటాది" అన్నారు. ఆమెతో ఒకసారి మాట్లాడతానని ఫోన్ చేయించాను. "నీకు ఇష్టమేనా అమ్మా?" అంటే, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆయన ఇష్టమక్కా" అంది.

ఆ మాటకు అర్థం మీకు చెప్పాలా?

ఆమెను ఇందులోకి లాగదలచుకోలేదు. ఆయనతోనే అన్నాను. "అన్నా, ఎనిమిది వారాల ముందు ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత కూడా పొద్దున ఐదుకు, రాత్రి పదకొండుకు బయటికి తీసుకుపోయేది నువ్వేనని మాటిస్తేనే ఇస్తా. ఒక వారం మా ఇంటికొచ్చి ఈ కాగితాలు తీసి శుభ్రం చేసి చూడు." ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. టీ తాగకుండానే వెళ్లిపోయారు.

ఆ రాత్రి మా ఆయన నాతో మాట్లాడలేదు. మర్నాడు, "కుక్కపిల్ల కోసం ఇరవై ఏళ్ల స్నేహం పాడు చేసుకోవాల్నా?" అన్నారు. "కుక్కపిల్ల కోసం కాదు" అన్నాను. మా అత్త ఇటు ఒక మాట, అటు ఒక మాట అనకుండా చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. అంతా విని చివరికి ఒక్కటే అంది, "నా కాలంలో బర్రెను తెచ్చినప్పుడు కూడా నన్నెవరూ అడగలేదు. పేడ మాత్రం నేనే ఎత్తినా." మా ఆయన ఇంకేమీ అనలేదు. ఆ స్నేహితుడితో మాటలు మాత్రం ఇప్పటికీ అంతంతమాత్రమే. దానికి నాకూ బాధే. అయినా నా మాట మారదు.

ఇప్పుడు ఎమ్మిగనూరు ఇంటి సంగతి చెప్పాలి. వాళ్లు మగ్గం నేసేవాళ్లు. కాలేజీకి పోయే అమ్మాయి అడిగింది. నా ప్రశ్నకు, "మా అవ్వ ఒప్పుకోవాలి" అంది. ఆ ఆదివారం అవ్వనే వెంటబెట్టుకొని వచ్చింది. అవ్వ కూర్చోకముందే "నాకొద్దు" అనేసింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. నూలు కొరుకుతుందా? పడుగులోకి దూరితే? గుంతలో పడితే? మాంసం తప్పకుండా పెట్టాలా? ఎండాకాలం ఎట్లా? నేను దాచకుండా చెప్పాను. ఆరు నెలల దాకా కనిపించిందల్లా కొరుకుతుంది. ఈ జాతి పుట్టింది కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో, చల్లటి నీళ్లలో జాలర్లకు పనిచేసిన కుక్కలకు. మన ఎండలో పగలు నీడ, ఫ్యాను, తడి గోనెపట్టా తప్పవు అన్నాను.

అవ్వ తన షరతులు చెప్పింది. మగ్గం గదికి కొడుకు వెదురు తడిక కట్టాలి. పొద్దున మనవరాలు, రాత్రి కొడుకు తిప్పాలి. తాను తిండి మాత్రం పెడుతుంది. "అట్లయితే సరే" అంది. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. వద్దని గట్టిగా చెప్పగలిగిన మనిషి నోట్లోంచి వచ్చిన 'సరే'కు విలువ ఉంటుంది.

ఆ అమ్మాయి మగ్గం చప్పుడు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపింది. పచ్చదారం పిల్ల వాళ్లది. దానికి బువ్వ పెట్టేటప్పుడు మొదట చిన్నగా, రోజు రోజుకూ కాస్త పెంచుతూ వినిపించాం. మొదటిరోజు చెవులు రిక్కించింది, వారానికల్లా చప్పుడు వింటే గిన్నె దగ్గరికి పరిగెత్తడం మొదలుపెట్టింది. అవ్వ వాడిన పాత పంచె ముక్క కూడా తెప్పించి దాని పడకలో వేశాను. ఆ ఇంటి వాసన ముందే అలవాటు కావాలని.

ఎనిమిది వారాలు నిండేసరికి ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వర స్వామి జాతర. ఇంటినిండా చుట్టాలు, బయట జనం. జాతర ముగిశాక తీసుకుపొమ్మన్నాను. ఏడింటినీ ఒకేరోజు పంపలేదు. జూలీ పాలు ఒక్కసారిగా గడ్డకట్టకుండా, దానికి బెంగ పడకుండా పది రోజుల్లో ఒక్కొక్కటిగా పంపాం. ఒకదాన్ని మేమే ఉంచుకున్నాం. ప్రతి ఇంటికీ ఒక కాగితం రాసిచ్చాను. తినే వేళలు, టీకాల తేదీలు, పెట్టకూడనివి. మన ఉగ్గాని అస్సలు పెట్టొద్దని కింద గీత గీశాను, ఉల్లిపాయ కుక్కలకు విషం. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా అంతే. ఎప్పుడైనా సాకలేమనిపిస్తే వీధిలో వదలకుండా మాకే తెచ్చివ్వమని చివర రాశాను.

పచ్చదారం పిల్ల మొదటి రాత్రి ఏడ్చిందట. కొడుకు వచ్చి పక్కన పడుకున్నాడట. రెండో రోజు నుంచి మగ్గం ఆడుతుంటే తడిక ఇవతల నిద్రపోతోందని, అవ్వ దానికి 'గౌరి' అని పేరు పెట్టిందని ఫోన్లో చెప్పారు.

మీ ఇంట్లో పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తున్నారా? తెచ్చుకోండి, జాతి కుక్కే కానక్కర్లేదు, మన వీధి పిల్ల మన ఎండను ఇంకా బాగా తట్టుకుంటుంది. కానీ ముందు అందరినీ కూర్చోబెట్టి, ఎవరి పని ఏమిటో పంచండి. ఆ తర్వాతే మీ 'సరే' చెప్పండి.