రేయికి దాచిన ఎండ

పుష్యమాసం వచ్చిందంటే జంషెడ్‌పూర్ పరిసరాలలో తెల్లవారుజామున నీళ్లు ముట్టడానికి చేయి జంకుతుంది. సువర్ణరేఖకు ఆవల, దల్మా కొండల దిగువన, కరెంటు తీగతో పొత్తులేని ఒక ఇంట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన వృద్ధ దంపతులున్నారు. ఇల్లాలికి కీళ్లనొప్పులు, వేకువనే వేడినీళ్లు కావాలి.

కప్పుమీది సౌరఫలకాలతో బ్యాటరీ మధ్యాహ్నానికే నిండిపోయేది. ఆపై కాసిన ఎండంతా వృథా. మరో బ్యాటరీ కొనమన్నాడు కొడుకు. పెద్దాయన నూరు లీటర్ల తొట్టి కొన్నారు! అంత నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచితే సుమారు 4.6 యూనిట్ల శక్తి అందులో చేరుతుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లే. వేడినీటితో దీపం వెలగదు, నిజమే. మోకాళ్లకు కావలసినది దీపం కాదు గదా!

ఆయన ఉక్కు కర్మాగారంలో బ్లాస్టు ఫర్నేసు దగ్గర పనిచేసినవారు. అక్కడి స్టవ్వులలో మండే వాయువు ఇటుకలను కాలుస్తుంది. ఇటుకలు దాచుకొన్న ఆ వేడినే తరువాత ఫర్నేసులోకి ఊదే గాలి అందుకొంటుంది. 1857లో ఎడ్వర్డ్ కౌపర్ పేటెంటు పొందిన పద్ధతి అది.

మొదటి ఏడు తొట్టికి గోనెపట్టా చుట్టి ఊరుకొన్నారు. వేకువకు నీళ్లు చల్లారిపోయాయి. ఆమె ఏమీ అనలేదు. అదే ఆయనను ఎక్కువ బాధించింది. ఎండలో కాగిన నీటిని వేడి పోకుండా కప్పిన వేరే తొట్టిలో దాచాలని 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ గ్రహించాడు. ఈయన మరుసటి ఏడు గాజునూలు దట్టంగా కప్పారు, మూతతో సహా. ఆవిరి పోయే గొట్టం మాత్రం మూయలేదు.

ఇప్పుడు ఆమె నాలుగింటికే కుళాయి తిప్పుతుంది. బిందెమీద పొగలు లేచే చప్పుడు ఉండదు గాని, ఆయన పడకమీదనే చెవియొగ్గి వింటూ ఉంటారు.