ఆ చప్పుడు వెంట... విశాఖ దాకా!

మా గూడూరు మీద హెలికాప్టర్ చప్పుడు వినపడిందంటే కారణాలు రెండే. ఎవరో పెద్ద నాయకుడైనా వస్తుండాలి, లేదా వాగులూ ఏర్లూ పొంగైనా ఉండాలి. మామూలు రోజుల్లో మాకు రైళ్ల కూతలే తప్ప ఆకాశంలో సందడి తక్కువ. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిన రోజు మాత్రం మిద్దెలెక్కి చూస్తాం. అది వేరే సంగతి.

2015 నవంబరులో మాత్రం ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. వానలు... వానలు... వానలు! చెన్నై వైపు జాతీయ రహదారి మీదకి నీళ్లొచ్చి లారీలు మైళ్ల కొద్దీ నిలిచిపోయాయి. మార్కెట్లో నిమ్మకాయల బస్తాలు ఎక్కడివక్కడే నానిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు పలకవు. ఒక పొద్దున ఉన్నట్టుండి దడదడమని మోత. వీధి వీధంతా మిద్దెల మీదికి పరుగు. తువ్వాళ్లు ఊపినవాళ్లు కొందరు, దుప్పట్లు ఊపినవాళ్లు కొందరు. హెలికాప్టర్ మబ్బుల కింద నుంచి మమ్మల్ని దాటుకుని తూర్పుగా, కోట, వాకాడు వైపు వెళ్లిపోయింది.

అందరి ముఖాలూ చిన్నబోయాయి. మా అమ్మ మాత్రం మెట్ల మీద కూర్చుని, ''మనకంటే కష్టంలో ఉండే వాళ్లు ఎవరో ఉండారులే నాయనా, పోనీ'' అంది.

అది ఏ హెలికాప్టరో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరికోసం వెళ్లిందో మాకు తెలీదు. అమ్మ ఇప్పుడు లేదు. అప్పటికి ఒళ్లో పిల్లాడైన నా మనవడికి ఈ కథ చెప్పినప్పుడల్లా వాడిది ఒకటే ప్రశ్న: ''ఎక్కడి నుంచి వచ్చింది తాతా?''

ఆ ప్రశ్న పుణ్యమాని ఈ మధ్య తాతా మనవళ్లం తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. గూడూరు నుంచి బెజవాడ దాకా దాదాపు 290 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖకు మరో 350. మా మిద్దె మీద ఎగిరింది అదేనని కాదు. అలాంటి పని చేసి రిటైరైన ఒక హెలికాప్టర్‌ను విశాఖ బీచ్ రోడ్డుకు తెచ్చి పెట్టారని విన్నాం. కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం ఉన్న దారిలోనే ఇప్పుడు దీనికీ చోటు దొరికింది. పేరు యూహెచ్-3హెచ్. సీకింగ్ వంశంలోది.

ముందు చూసినప్పుడు మావాడు పెదవి విరిచాడు. ''ఏంది తాతా, పడవకి రెక్కలు పెట్టినట్టుండాది!'' అన్నాడు. నిజానికి వాడన్నది తప్పేం కాదు. సీకింగ్ పొట్ట పడవ ఆకారంలోనే ఉంటుంది. తప్పనిసరైతే నీళ్ల మీద దిగినా మునగకుండా ఉండాలని అలా చేశారు. పైన ఐదు రెక్కలు. ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు 19 మీటర్లు. రెండు ఇంజన్లు. నిండా ఎక్కితే తొమ్మిదిన్నర టన్నుల బరువు. మా మార్కెట్ భాషలో చెప్పాలంటే ఓ నిమ్మకాయల లారీ గాల్లోకి లేచినట్టే!

అమెరికాలోని సికోర్‌స్కీ కంపెనీ తయారుచేసిన ఈ రకం మొదటిసారి ఎగిరింది 1959 మార్చిలో. అంటే నా ఈడుదే. సముద్రం అడుగున దాక్కున్న జలాంతర్గాములను వేటాడటానికి పుట్టిన యంత్రం అది. కానీ లోకానికి గుర్తుండిపోయింది మనుషుల్ని పైకి లాగిన పనికే. 1969 జులై 24న చంద్రుడి మీద నుంచి తిరిగొచ్చిన ముగ్గురు వ్యోమగాములూ పసిఫిక్ సముద్రంలో పడ్డారు. వాళ్ల గుళిక నీళ్లలో మొదట తలకిందులైంది కూడా! ఆ ముగ్గుర్నీ ఒక్కొక్కరినే వలబుట్టలో పైకి లాగి ఓడ మీదికి చేర్చింది ఒక సీకింగ్. '66' అన్న నంబరుతో పేరుపడ్డ ఆ హెలికాప్టరే అపోలో 8, 10, 12, 13 వాళ్లనీ తెచ్చింది. చివరికి 1975లో తనే సముద్రంలో కూలిపోయింది.

మన విశాఖకు వచ్చినవి కొత్తవి కావు. అమెరికా నౌకాదళం వాడినవే. ట్రెంటన్ అనే పెద్ద ఓడను మన దేశం కొని 2007 జూన్‌లో 'జలాశ్వ'గా పేరు పెట్టుకుంది. ఆ ఓడతోపాటే ఆరు యూహెచ్-3హెచ్‌లూ వచ్చాయి. ఆరింటికీ కలిపి సుమారు 3 కోట్ల 90 లక్షల డాలర్లు. పాత సరుకు కొన్నారని పెదవి విరిచినవాళ్లు అప్పట్లో లేకపోలేదు. 2009 మార్చి 24న విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో వీటితో 350వ స్క్వాడ్రన్ మొదలైంది. పేరు 'సారస్'. పాత సరుకే అయినా వచ్చిన దగ్గర్నుంచి పదిహేడేళ్లు పనిచేశాయి. సైనికుల్ని ఓడ నుంచి ఒడ్డుకు మోయడం, సముద్రంలో చిక్కిన వాళ్లను వెతకడం, తుపానులప్పుడు సహాయం అందించడం... ఇవీ వాటి నౌకరీ. 2024 జూన్ 28న డేగాలోనే వీడ్కోలు. వాటి చోటు సీకింగ్ 42సీలకు దక్కింది.

మావాడి కళ్లు మాత్రం కుడివైపు తలుపు దగ్గరే ఆగిపోయాయి. మనుషుల్ని పైకి లాగే యంత్రం ఉండేది ఆ తలుపు పైనే. ''దీనికి తాడు కట్టి లాగతారా?'' అన్నాడు. తాడు కాదు, ఉక్కు తీగ. దాని కథ కాస్త వివరంగానే చెప్పాలి. మనది వరదల తీరం కాబట్టి ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది.

రెక్కలు గాలిలో గిరగిరా తిరిగేటప్పుడు హెలికాప్టర్ ఒంట్లో స్థిర విద్యుత్తు పోగవుతుంది. అందుకే కిందికి దించిన కొక్కేన్ని ముందు నేలకో నీటికో తగలనిస్తారు. ఆత్రం కొద్దీ గాల్లో ఉండగానే పట్టుకుంటే గట్టి షాక్ కొడుతుంది. రెండోది, ఆ తీగను కిటికీకో స్తంభానికో కట్టేయకూడదు. జారిపోతుందని మన భయం. కానీ కడితే పైనున్న హెలికాప్టర్‌కే ప్రమాదం. మూడోది ఇంకా ముఖ్యం. చంకల కింద పట్టీ వేశాక చేతులు కిందికే ఉంచాలి. పైకెత్తి దండం పెట్టినా, తీగను పట్టుకోబోయినా పట్టీలోంచి జారిపోయే ప్రమాదముంది. ఇక రెక్కల గాలి! రేకులూ తాటాకులూ ఎగిరొచ్చి తగులుతాయి. మిద్దె మీద వదులుగా ఉన్నవి ముందే తీసేయాలి.

ఇదంతా చెబుతుంటే మావాడు చేతులు ఒంటికి అంటించుకుని నిలబడ్డాడు. ''ఇట్టనా తాతా?'' పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు మిద్దెల మీద చేతులెత్తి ఊపినవాళ్లంతా గుర్తొచ్చారు. పిలవడానికి చేతులెత్తాలి, ఎక్కడానికి దించాలి!

తీగ చివర దిగేవాడి సంగతి ఎవరూ ఎక్కువగా చెప్పరు. పైలట్‌కు కింద నేరుగా ఏముందో కనపడదు. తలుపు దగ్గర పడుకునో కూర్చునో ఒకడు ''కుడికి... ఇంకొంచెం... ఆపు'' అని చెబుతుంటే దాన్నిబట్టే హెలికాప్టర్‌ను గాల్లో కదలకుండా నిలపాలి. 2018 ఆగస్టు 17న కేరళ వరదల్లో నెలలు నిండిన ఒక తల్లిని నౌకాదళం హెలికాప్టర్ ఇలాగే ఇంటి మీద నుంచి లాగింది. ఆ పూటే ఆమెకు మగబిడ్డ పుట్టాడు. తర్వాత ఆ మిద్దె మీద ఇంగ్లిషులో 'థ్యాంక్స్' అని పెద్ద అక్షరాలు రాసి పెట్టారు. మన దగ్గర 2021 నవంబరు 19న అనంతపురం జిల్లా చిత్రావతిలో కారు చిక్కుకుపోయింది. అందులోని వాళ్లను కాపాడటానికి జేసీబీ మీద వెళ్లినవాళ్లూ ఇరుక్కుపోయారు. మొత్తం పదిమందినీ వాయుసేన ఎంఐ-17 పైకి తీసింది. ఆ వానలకే మా పక్కన నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది.

మరి మా గూడూరుకు ఎక్కడి నుంచి రావాలి? బీచ్‌లో పల్లీలు తింటూ మనవడూ నేనూ లెక్క వేశాం. విశాఖ నుంచి నేరుగా ఎగిరినా 540 కిలోమీటర్లుంటుంది. గంటకు 220 చొప్పున రెండున్నర గంటలు. అదే తమిళనాడు అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాళి నుంచైతే 120 కిలోమీటర్లే. నౌకాదళం హెలికాప్టర్ పైలట్లు చదువుకునే బడి ఉన్నదీ అక్కడే. తాంబరంలో వాయుసేన స్థావరం కూడా దగ్గరే. జిల్లా పేర్లు ఎటు మారినా ఆకాశంలో మాకు చెన్నై వైపే దగ్గరన్నమాట. ఆ రోజు వచ్చింది కూడా అటు నుంచేనా? ఏమో, అయ్యుండొచ్చు.

రైల్లో తిరిగొస్తూ వాడికి ఇంకో కథ చెప్పాను. 2007 జనవరి 22న మన ఇస్రో గుళిక ఒకటి అంతరిక్షం నుంచి తిరిగొచ్చి శ్రీహరికోటకు తూర్పున 140 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడింది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షలో పడిన గుళిక శ్రీహరికోటకు పది కిలోమీటర్లలోనే తేలింది. అపోలోలాగే అదీ తలకిందులైంది. నౌకాదళం గజ ఈతగాళ్లు దాన్ని తెచ్చారు. 2025 ఆగస్టు 24న అయితే వాయుసేన చినూక్ దాదాపు 5 టన్నుల గుళికను మూడు కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్లి, పారాచూట్లు తెరుచుకుంటాయో లేదోనని వదిలి చూసింది. అన్నీ మా తీరం అంచునే! మన వ్యోమగాములు వెళ్లి వచ్చే రోజున కూడా సముద్రంలోనే దిగాలన్నది ప్రణాళిక.

''అప్పుడు హెలికాప్టర్ మన మిద్దె మీంచి పోద్దా?'' అన్నాడు.

''పోవచ్చు.''

''మనకోసం కాదు గదా?''

''కాదులే నాయనా'' అన్నాను. అమ్మ గొంతే నా నోట్లోంచి వచ్చినట్టనిపించింది. రైలు నెల్లూరు దాటింది. ఇంకో నలభై కిలోమీటర్లు. సంచీ సర్దుకున్నాం.