ఐదు వేల ఇంజెక్షన్లకు రసీదు ఏది?

కిందటి నెల మా హేతువాద మిత్రుల సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది. దేశం ఆపదలో ఉన్నప్పుడు ప్రతిపక్షం మంత్రులను నిలదీయడం సబబేనా? సబబే అని అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే 2021 ఏప్రిల్‌లో సూరత్‌లో నేను ఆ మాట అనలేదు. ప్రశ్న అడిగిన మనిషిని మనసులోనే కాదు, పైకి కూడా తిట్టాను. ఆ సంగతి సమావేశంలో చెప్పకుండా చేయెత్తడం నాకే బాగా అనిపించలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాది బి.కాం చదువు. రక్షణ శాఖ అకౌంట్స్‌లో 36 సంవత్సరాలు పనిచేశాను. జీవితమంతా ఇతరుల రసీదులు చూడడమే నా పని. రిటైరయ్యాక మా అబ్బాయి ఉద్యోగం సూరత్‌లో కావడంతో ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే గడిచిపోతోంది. సూరత్ అంటే వజ్రాలు, చీరలు అనుకుంటారు గాని, లింబాయత్ వైపు వెళితే తెలుగు చక్కగా వినిపిస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం వదిలి పవర్‌లూమ్ పనికి పోయిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. మా బావమరిది కూడా 30 ఏళ్ల కిందట అలా వెళ్లినవాడే.

ఏప్రిల్ మొదటి వారంలో అతనికి జ్వరం మొదలయ్యింది. ఐదో రోజుకి ఆయాసం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎలాగో మంచం దొరికింది, ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు చీటీ రాసి చేతిలో పెట్టాడు: రెమ్‌డెసివిర్, ఆరు సీసాలు. మీరే తెచ్చుకోవాలి అన్నాడు. ఆ రోజులు గుర్తున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అహ్మదాబాద్‌లో జైడస్ ఆసుపత్రి ముందు ఎండలో మైలు పొడుగు లైన్లు, తర్వాత స్టాకు లేదని అక్కడ అమ్మకం ఆగిపోవడం. మార్చిలోనే ఆ కంపెనీ తన సీసా ధర 2,800 నుంచి 899 రూపాయలకు తగ్గించింది. ధర తగ్గింది, సరుకు కనపడడం మానేసింది! బజారులో ఎవరో ఒకరు ఫోన్లో చెప్పే ధర మాత్రం వేలల్లో ఉండేది.

ఇంతలో ఏప్రిల్ 9న వార్త వచ్చింది. గుజరాత్ బి.జె.పి. అధ్యక్షుడు, నవసారి ఎంపీ సి.ఆర్. పాటిల్ గారు 5,000 రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్లు సమకూర్చారట, సూరత్‌లోని పార్టీ కార్యాలయంలో ఉచితంగా ఇస్తారట! మర్నాడు శనివారం, చీటీ, పాజిటివ్ రిపోర్టు, ఆధార్ జిరాక్సు పట్టుకుని నేను వెళ్లి ఆ లైన్లో నిలబడ్డాను. కార్యకర్తలు మర్యాదగానే ఉన్నారు, మంచినీళ్లు ఇచ్చారు. నాకు మూడు సీసాలు దొరికాయి. రెండు చేతులా దండం పెట్టి తీసుకున్నాను. ఇవి ఎక్కడివి, ఎవరు కొన్నారు, బిల్లు ఏది అని అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. 36 ఏళ్ల సర్వీసు ఆ పూట ఏమయిందో మరి.

ఆ ప్రశ్న విలేకరులు అడిగారు. ముఖ్యమంత్రి విజయ్ రూపానీ గారు ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ప్రభుత్వం తన స్టాకులోంచి ఏమీ ఇవ్వలేదు, పాటిల్ గారు తన ఏర్పాటు తాను చేసుకున్నారు, ఎక్కడి నుంచి వచ్చాయో ఆయన్నే అడగండి. (రూపానీ గారు 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ విమాన ప్రమాదంలో పోయారు. పోయినాయన మీద నాకు కక్ష లేదు, ఆ జవాబు గురించే నా మాట.) మిత్రుల సాయంతో సేకరించామని, ఇది సేవ అని పాటిల్ వర్గం చెప్పింది. దివ్య భాస్కర్ పత్రిక ఇంకో అడుగు ముందుకేసి, ఇంజెక్షన్ కావాలా అంటూ పాటిల్ గారి ఫోన్ నంబరునే పెద్దక్షరాలతో మొదటి పేజీ శీర్షికగా వేసేసింది. తెలుగు పత్రికల్లో అలాంటిది నేను చూడలేదు.

ఇక ప్రతిపక్షం. శాసనసభలో కాంగ్రెస్ పక్ష నాయకుడు, అమ్రేలీ ఎమ్మెల్యే పరేశ్ ధనానీ ప్రభుత్వాన్ని నిలదీశారు, అంతటితో ఆగక హైకోర్టుకు వెళ్లి పిటిషన్ వేశారు. హైకోర్టు అప్పటికే ఏప్రిల్ 11 ఆదివారం నాడు, తనంతట తానుగా కోవిడ్ నిర్వహణ వ్యవహారాన్ని చేపట్టింది. ధనానీ వాదన సూటిగా ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందు నిల్వ చేయకూడదు, పంచకూడదు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టరయిన ఫార్మసిస్టు కానివాడు మందు ఇవ్వకూడదు. ఒక పార్టీ కార్యాలయానికి ఇవెలా వచ్చాయి? విచారణ జరిపించండి.

ఇది టీవీలో చూసి నేను ఏమన్నానో చెప్పాలి. "వీడికి ఇప్పుడే దొరికిందా రాజకీయం? కేసు వేసి ఉన్న నాలుగు సీసాలు కూడా ఆపేస్తాడు" అన్నాను. మాకు ఇంకా మూడు సీసాలు కావాలి కదా!

మా డిపార్టుమెంటులో ఒక అలవాటు ఉండేది. యూనిట్లలో రేషన్ లెడ్జర్ల లోకల్ ఆడిట్‌కి వెళ్లినప్పుడు, పని పూర్తయ్యేదాకా టీ కూడా తాగవద్దని మా సీనియర్ ఒకాయన చెప్పేవాడు. టీ తాగాక అభ్యంతరం రాయాలంటే కలం కదలదు అనేవాడు. చాదస్తం అనుకునేవాణ్ణి. ఒకసారి ఒక యూనిట్‌లో, పేరు అనవసరం, లెడ్జర్లో పప్పు నిల్వకు, గోదాములో బస్తాలకు పొంతన కుదరలేదు. సుబేదారు సాబ్ వేడివేడిగా పకోడీ, టీ తెప్పించాడు. తిన్నాను. అభ్యంతరం రాశాను గాని, రాయాల్సినంత గట్టిగా రాయలేదు. పకోడీకే అలా అయితే, బావమరిది ప్రాణానికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ధనానీ అడిగినది ఆడిటర్ అడగవలసిన ప్రశ్న. కాస్త విడమరచి చెబుతాను. మందుకు ఒక దారి ఉంటుంది. కంపెనీ నుంచి స్టాకిస్టుకు, అక్కడి నుంచి ఆసుపత్రికో మందుల షాపుకో, అక్కడి నుంచి రోగికి. ప్రతి మజిలీలో బిల్లు, దాని మీద బ్యాచ్ నంబరు. ఆ 5,000 సీసాలు కూడా ఏదో ఒక దారిన రావాలి, ఆకాశం నుంచి ఊడిపడవు. (పడతాయని నమ్మేవాళ్లు ఈ వ్యాసం చదవరనుకోండి.) ప్రభుత్వ స్టాకు కాదని ముఖ్యమంత్రే చెప్పారు. సరే, కంపెనీయే ఇచ్చిందా? అయితే ఆసుపత్రుల ముందు లైన్లో నిలబడ్డవాళ్లకు లేనిది పార్టీ ఆఫీసుకు ఏ లెక్కన ఇచ్చింది? స్టాకిస్టు దగ్గర కొన్నారా? అయితే ఏ లైసెన్సు మీద బిల్లయ్యింది? జవాబు ఏదైనా ఎక్కడో ఒక కాగితం ఉండాలి. ఆ కాగితం తెప్పించుకునే అధికారం రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి ఉంది, ఆ విభాగం ఆరోగ్య మంత్రి కింద ఉంది. అందుచేత ముఖ్యమంత్రిగారు "ఆయన్నే అడగండి" అన్నప్పుడు, అడగవలసిన మనిషే మనల్ని అడగమన్నట్టయింది. మా ఆఫీసులో ఆడిట్ అభ్యంతరానికి ఇలాంటి సమాధానం వస్తే, మార్జిన్లో ఎర్రసిరాతో "జవాబు కాదు" అని రాసి తిప్పి పంపేవాళ్లం.

ధర్మం చేస్తున్నవాణ్ణి లెక్క అడగడమేమిటని కొందరంటారు. నిజానికి కరువులో ఉచితంగా పంచినప్పుడే లెక్క ఎక్కువ కావాలి. నాకు మూడు సీసాలు దొరికాయంటే, ఎక్కడో లైన్లో నిలబడి ఉత్త చేతులతో వెళ్లినవాడి వంతు అందులో ఉందో లేదో తెలియాలి. బ్రిటన్‌లో ఇదే మహమ్మారి కాలంలో, మంత్రులకూ ఎంపీలకూ తెలిసిన సరఫరాదారులకు రక్షణ పరికరాల కాంట్రాక్టుల్లో ప్రత్యేక దారి పెట్టారు. అది చట్టవిరుద్ధమని 2022 జనవరిలో అక్కడి హైకోర్టు తేల్చింది. అక్కడా "యుద్ధకాలంలో ఇవన్నీ ఏమిటి" అన్నవాళ్లు ఉన్నారు.

ధనానీని మెచ్చుకుని ఊరుకుంటే నేను హేతువాదిని కాను, కాంగ్రెస్ కార్యకర్తను అవుతాను. ఆయనా ఒక ప్రశ్న అడగలేదు. పాటిల్ గారు, రూపానీ గారు, లైన్లో ఉన్న నేను, ఎవరమూ అడగలేదు. ఈ మందు ప్రాణం నిలుపుతుందా?

జవాబు ఆరు నెలల ముందే అచ్చయి ఉంది. రెమ్‌డెసివిర్‌ను అంతకుముందు కాంగోలో ఎబోలా మీద ప్రయోగించి, పనితీరు చాలక 2019 ఆగస్టులో పక్కన పెట్టారు. కోవిడ్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 దేశాల్లోని 405 ఆసుపత్రుల్లో సాలిడారిటీ పరీక్ష జరిపింది. మన దేశమూ అందులో ఉంది. 2020 అక్టోబరులో లెక్క బయటపెట్టారు: రెమ్‌డెసివిర్ ఇచ్చిన 2,743 మందిలో 301 మంది చనిపోయారు, ఇవ్వని 2,708 మందిలో 303 మంది. రెండూ నూటికి 11. బి.కాం చాలు ఈ లెక్క చదవడానికి! 2020 నవంబరు 20న ఆ సంస్థ ఆసుపత్రి రోగులకు దీన్ని సిఫారసు చేయడం లేదని ప్రకటించింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో కూడా ఇది పరిశోధనాత్మక చికిత్సల జాబితాలోనే ఉండేది. 2022లో తుది లెక్క వచ్చినప్పుడు కొంచెం మార్పు కనిపించింది. ఆక్సిజన్ మీద ఉండి వెంటిలేటర్ దాకా వెళ్లనివారిలో మరణాలు మందు ఇచ్చినప్పుడు నూటికి 14.6, ఇవ్వనప్పుడు 16.3. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ ఏడాది తన సిఫారసు సవరించుకుంది. కాబట్టి అది ఉత్త నీళ్లని నేననను. కానీ ఆ నూటికి ఇద్దరు కూడా లేని తేడా కోసం సూరత్ సగం రోడ్డు మీదికొచ్చింది. అదే సమయంలో డెక్సామెథాసోన్ అనే పాత మందు, కొద్ది రూపాయలది, ఆక్సిజన్ మీద ఉన్నవారి మరణాలను ఐదోవంతు, వెంటిలేటర్ మీదివారిలో మూడోవంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లోనే బ్రిటన్ పరీక్షలో తేలింది. మా బావమరిది చార్టులో అది మొదటి రోజు నుంచీ ఉంది. దాని కోసం ఎవరూ లైన్లో నిలబడలేదు, దాన్ని ఏ నాయకుడూ పంచలేదు. సులభంగా దొరికే మందుకు ఫొటో ఎవరు తీస్తారు?

మరుసటి నెల కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది తోసుకుంటుంటే, సూరత్‌లో కూర్చుని టీవీ చూస్తూ నేను ఎగతాళి చేశాను. "చదువులేని జనం" అన్నాను కూడా. మా ఆవిడ ఏమీ అనలేదు, నా వైపు చూసింది అంతే. వాళ్ల మందుకు పరీక్షే జరగలేదు. నా మందుకు పరీక్ష జరిగింది, ఫలితం నెట్‌లో ఉంది, నేను చదవగలను, చదవకుండా వెళ్లి నిలబడ్డాను. ఇద్దరిలో తప్పు ఎవరిది పెద్దది?

ఇంకో లెక్క గురించి ఒక్క మాట. ఆ ఏప్రిల్‌లో సూరత్ శ్మశానాల్లో గ్యాసు కొలిమిల ఇనుప చట్రాలు కరిగాయి. పత్రికలు అక్కడి శవాలనూ ప్రభుత్వ బులెటిన్‌నూ పక్కపక్కన వేసి అడిగాయి, ప్రతిపక్షమూ అడిగింది. 2022 జనవరి నాటికి గుజరాత్ అధికారిక కోవిడ్ మరణాలు 10,094. పరిహారానికి వచ్చిన దరఖాస్తులు 89,633. ప్రభుత్వమే ఆమోదించినవి 68,370. పరిహారానికి నిర్వచనం విశాలంగా పెట్టారు, కాబట్టి తేడా అంతా దాచినదే అనడం న్యాయం కాదు. కానీ పుస్తకంలో పది, గోదాములో అరవై ఎనిమిది ఉంటే ఏ ఆడిటరూ టీ తాగి లేచిపోడు.

మా బావమరిది బతికాడు. ఆరులో ఐదు సీసాలు పడ్డాయి. పక్క మంచం ఆయనకు ఆరూ పడ్డాయి, మూడో వారంలో పోయాడు. ఈ రెండింటి నుంచీ ఏమీ రుజువు కాదని మనకు తెలుసు. కానీ మా బావమరిది ఇంట్లో తెలియదు. కిందటి దసరాకు వెళ్లినప్పుడు కూడా అదే మాట. "బావా, ఆ సూదులిచ్చినాయన దేవుడు. నువ్వేమన్న అను" అన్నాడు. నేను 301, 303 లెక్క కాగితం మీద వేసి చూపించాను. చెల్లె, అంటే అతని భార్య, వంటింటి గడప దగ్గర నిలబడి అంతా విన్నది.

"మరి గంత తెలిసినోనివి, ఆ దినం ఎండల నువ్వెందుకు నిలబడ్డవన్నా?" అంది.

"భయమైందమ్మా" అన్నాను.