రహస్య చెరువు చల్లని మాట

ఏప్రిల్ సాయంత్రం ఆరు గంటలు. హైటెక్ సిటీలో ఎండ తగ్గింది, వేడి మాత్రం తగ్గలేదు. సైబర్ టవర్స్ దగ్గర నడుస్తుంటే అప్పుడే పొయ్యి దించిన పెనం పక్కన నిల్చున్నట్టుంటుంది. అక్కడ ఆటో ఎక్కి దుర్గం చెరువు గట్టుకు వెళ్లండి. చెట్టు కింద కూర్చుంటే ఒంటికి చల్లగాలి తగులుతుంది. మధ్య దూరం మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ!

ఎందుకింత తేడా? కాంక్రీటు, తారు పగలంతా ఎండను తాగి రాత్రంతా సెగలు కక్కుతాయి. ఏసీలు గదిలోని వేడిని తెచ్చి వీధిలో పోస్తాయి. నీరు ఆవిరవుతూ, చెట్లు తేమ వదులుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటాయి. ఊరు ఇలా చుట్టుపక్కల పల్లెలకన్నా వేడెక్కడాన్ని శాస్త్రవేత్తలు 'నగర ఉష్ణ ద్వీపం' అంటారు. నేల వేడిని ఉపగ్రహాలు ఆకాశం నుంచే కొలుస్తాయి. నల్లమల లాంటి అడవుల్లో కార్చిచ్చు రేగితే పసిగట్టేదీ ఆ వేడిని బట్టే. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం చేసే పనుల్లో అదొకటి.

చెరువు చుట్టూ ఉన్న రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి. గుట్టల మధ్య దాగి ఉండటంతో దీన్ని 'సీక్రెట్ లేక్' అనేవారు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీళ్లిచ్చింది ఇదే. గుట్టల మీద పడ్డ వాన అప్పట్లో గుంటల్లో ఆగి, మట్టిలో ఇంకి, నిదానంగా కిందికి దిగేది. ఇప్పుడు మేడల మీంచి, రోడ్ల మీంచి ఒక్కసారిగా ఉరుకుతోంది.

చెరువు మీది తీగల వంతెన 2020 సెప్టెంబరు 25న మొదలైంది. మూడు వారాలు తిరగకముందే, అక్టోబరు 13న, నగరాన్ని కుండపోత ముంచెత్తింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు! గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అదంతా ఒకేసారి కురిస్తే కాలువలు చాలవు. ఎండాకాలం ఊరిని చల్లబరిచే చెరువే వానాకాలం వరదను ఆపాలి. దాన్ని పూడిస్తే రెండు రకాలా నష్టమే.

ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. 1908లో మూసీ వేలమందిని పొట్టన పెట్టుకుంటే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టుకున్నారు. వరదొస్తే చెరువు కట్టిన ఊరు మనది! 2025లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేస్తుంటే విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. అక్కడా తేలాల్సింది అదే... నగరానికి ఖాళీ నేలతో పనుందా లేదా?

ఈ ఆదివారం మెట్రోలో దుర్గం చెరువు స్టేషన్‌కు పిల్లల్ని తీసుకెళ్లండి. పొద్దుగూకాక ముందు రోడ్డు పక్క సిమెంటు గోడను, తర్వాత గట్టు మీద చెట్టు నీడన ఉన్న మట్టిని తాకి చూడమనండి. పాఠం వాళ్ల అరచేతికే తెలుస్తుంది.